మజ్జిగ తెచ్చేలోపు నేను కోసిన రాణి గదులు

ఫోన్ ఎత్తకముందు

కొత్తగా ఈ ఉద్యోగంలో చేరిన పిల్లలు నన్ను చూడ్డానికి వచ్చినప్పుడు ముందుగా అడిగేది ఒకటే: "సార్, మిమ్మల్ని ఎన్నిసార్లు కుట్టి ఉంటాయి?" లెక్క లేదు నాయనా. ఈగ కుడితే పది నిమిషాలు మంట. ఈగల్ని పెంచేవాళ్ళు కుడితే పెన్షన్ కాగితం చేతికొచ్చినా ఆ మంట తగ్గదు.

నేను మునిరత్నాన్ని. చిత్తూరు, తిరుపతి చుట్టుపక్కల ముప్పై యేళ్ళకు పైగా తేనెటీగల పెంపకం నేర్పించాను. నాకు ప్రమోషన్ ఎప్పుడొచ్చింది, ఎవరు అడ్డుపడ్డారు, ఏ ఫైలు ఎక్కడ ఆగింది, ఇవన్నీ రాస్తే మీకు నిద్ర, నాకు బీపీ. కాబట్టి వాటిని వదిలేస్తున్నా. పనిలో చేసిన ఒక తప్పు గురించి, అది చేయించిన నా బద్ధకం గురించి చెబుతాను. మీరు కూడా చేస్తారు. కనీసం నా కంటే తొందరగా ఒప్పుకోండి.

మామిడితోటల రైతులతో తంటా లేదు. పూత నిలిచి పిందె పడితే చాలు వాళ్ళకు. అసలు తంటా సరదాకు పెంచేవాళ్ళతో. బ్యాంకు ఉద్యోగి, మందుల షాపాయన, రిటైరైన టీచరు, వీళ్ళు మిద్దె మీద ఒకటో రెండో పెట్టెలు పెట్టుకుంటారు. ఫోన్లో మూడు వీడియోలు చూస్తారు. ఆ తర్వాత మనకే పాఠం చెబుతారు.

మన వైపు మామిడి పూత పట్టిందంటే ఈగలకు వసంతం వచ్చేసినట్టే, పంచాంగం ఏమైనా అననీ. పూతతో పాటే నా ఫోనూ మోగడం మొదలుపెట్టేది.

పూతలపట్టు నుంచి బ్యాంకు ఉద్యోగి ఒకాయన పొద్దున్నే అరిచాడు. "సార్, ఈగలన్నీ బయటికొచ్చేసి పెట్టెకు గడ్డం మాదిరి వేలాడతా ఉండాయి! లోపల ఏమన్నా గొడవ జరిగిందా?"

"గొడవా లేదు, గాడిద గుడ్డూ లేదబ్బా. లోపల ఉక్కపోత. మీ ఇంట్లో కరెంటు పోతే నువ్వు వరండాలోకి రావా?"

మందుల షాపాయన దిగులు ఇంకోటి. "సార్, నా పెట్టెలో కొన్ని ఈగలు లావుగా ఉండాయి. ఒక్క పని సేయవు. తిని కూసుంటాయి. తీసేసేదా?"

"అవి పోతుటీగలు. మగవి."

"మగవైతే మాత్రం? తిని కూసుంటే ఎట్లా?"

"ఆ లెక్కన తీసేస్తా పోతే ముందు మనిద్దరం పోవాల్సొస్తాది. మూత వేసెయ్."

నవ్వుకోవడానికి ఇవన్నీ బాగానే ఉంటాయి. కానీ వసంతంలో చూడాల్సిన అసలు సంగతి వేరే ఉంది. పువ్వు దండిగా ఉంటే ఈగలు తెగ పెరుగుతాయి, పెట్టె చాలదు. అప్పుడు అవి తుట్టె అడుగు అంచున కొత్త రాణుల కోసం గదులు కడతాయి. చెనక్కాయను తలకిందులుగా వేలాడదీసినట్టు ఉంటాయవి. ఆ గదులకు మూతలు పడే వేళకు పాత రాణి సగం ఈగల్ని వెంటేసుకుని ఎగిరిపోతుంది. గుంపు లేవడం అంటే ఇదే. మిగిలిన సగానికి ఆ గదుల్లోంచి పుట్టే పిల్ల రాణే దిక్కు. ఈ నాలుగు ముక్కలు గుర్తుపెట్టుకుంటే తర్వాత చెప్పేదంతా మీకు అర్థమవుతుంది.

కారు దిగని ఆఫీసరు

నాకు పైన ఒక ఆఫీసరు ఉండేవాడు. మనిషి చెడ్డవాడు కాదు. ఈగలంటే మాత్రం ప్రాణభయం. తోటకొస్తే కారు అద్దాలు ఎక్కించుకుని లోపల్నుంచే సైగలు చేసేవాడు. పెట్టె మూత తియ్, తుట్టె కట్టిన చట్రం ఎత్తు, అటు తిప్పు, ఇటు తిప్పు. అద్దం వెనక నోరు కదిలేది, మాట వినపడేది కాదు. నేను నాకు తోచింది చేసేవాణ్ణి. ఆయన తృప్తిగా తలూపేవాడు.

ఒకసారి పూతలపట్టు పక్కన మామిడితోటలో రైతులంతా చూస్తున్నారని పౌరుషానికి పోయి కారు దిగాడు. ఒంటికి గుప్పుమనే సెంటు, తలకు నున్నగా నూనె. నేను మూత తీసిన అర నిమిషానికి నలభై ఈగలు ఆ తల మీద వాలాయి. ఆ వయసులో అంత పరుగు ఆయనకు ఎక్కడి నుంచి వచ్చిందో నాకు తెలీదు. కారులో దూరి తలుపేసుకున్నాడు, ఈగలు కూడా లోపలే ఉన్నాయని చూసుకోకుండా. నేను నవ్వాపుకోలేక, ఈగల్ని లొంగదీసే పొగ డబ్బా మీదికి వంగి దగ్గుతున్నట్టు నటించాను.

మూతి వాచిపోయి ఆఫీసుకు వచ్చాక మా అందరికీ ఒక హుకుం జారీ చేశాడు. "వసంతంలో రాణి గది కనబడితే కోసెయ్యండి. ఒక్కటి కూడా మిగలకూడదు. కొత్త రాణి లేకపోతే గుంపు లేవదు."

ఈ మాటలో సగం నిజం. పాత రాణి ఇంకా పెట్టెలో ఉంటే కోసినందువల్ల గుంపు కొన్నాళ్ళు ఆగుతుంది. ఆమె అప్పటికే వెళ్ళిపోయి ఉంటే మాత్రం మీరు కోసేది ఆ పెట్టె పీకనే. కాబట్టి కత్తి తీయకముందు అప్పుడే పెట్టిన గుడ్లు ఉన్నాయా లేవా అని చూడాలి. గుడ్లుంటే రాణి మూడు రోజుల్లోపు లోపలే తిరిగిందన్న మాట. ఇదంతా నాకు తెలుసు. పిల్లలకు నేనే నేర్పేవాణ్ణి. కానీ సర్వీసు ముదిరాక మనిషి చట్రం కంటే చేతి గడియారాన్ని ఎక్కువ చూస్తాడు. పైగా హుకుం ఉంది, నా నెత్తి మీదికి ఏదీ రాదు అనే ధీమా. ఆ ధీమాయే నన్ను ముంచింది.

టీచరమ్మ మిద్దె

తిరుచానూరులో లాడ్జీల వీధిలో అలమేలమ్మ గారిల్లు. హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరైన మనిషి. భర్త వరదాచారి గారు దేవస్థానం ఆఫీసులో పనిచేసి రిటైరయ్యారు. ఆమె మిద్దె మీద ఒకే ఒక పెట్టె పెట్టుకుంది. వంటింటికి ఎంత మడో ఆ పెట్టెకూ అంత మడి. తలస్నానం చేశాకే మూత తీసేది. నా పొగ డబ్బాలోని కొబ్బరిపీచు కంపు గిట్టక సాంబ్రాణి పొగ వేసేది. ఆ వాసనకు ఈగలు లొంగాయో లేదో గానీ నాకు మాత్రం నిద్ర ముంచుకొచ్చేది.

రాణిని పోల్చుకోవడానికి మేం దాని వీపున రంగు చుక్క పెడతాం. ఆమె నామానికి వాడే ఎర్రటి శ్రీచూర్ణాన్ని తుమ్మబంకలో కలిపి, అగరుబత్తి పుల్లతో ఆ చుక్క పెట్టింది. ఇట్లాంటి రాణిని నేను మరెక్కడా చూడలేదు.

ఆ పెట్టె అంటే ఆమెకు ప్రాణం. నలభై యేళ్ళు పిల్లల గోలలోనే బతికాను, ఇప్పుడు ఈ గోల లేకపోతే నాకు తోచదు అనేది. వరదాచారి గారికేమో అది కంట్లో నలుసు. నలుసు కూడా కాదు, నిజంగానే ఒక ఈగ ఆయన కంటి రెప్ప మీద కుట్టింది. దగ్గరి వాళ్ళ పెళ్ళి నాడు. ఆ ఫోటోలన్నిటిలో ఆయన ఒంటి కన్నుతోనే ఉన్నారు. దానికి తోడు, ఈగలు వచ్చి కుళాయి దగ్గర నీళ్ళు తాగుతున్నాయని పక్క లాడ్జి యజమాని రోజూ ఆయనతోనే మొరపెట్టుకునేవాడు.

ఆ మాఘమాసంలో నా ఎదుటే ఇద్దరూ పందెం వేసుకున్నారు.

"ఉగాది నాటికి ఆ పెట్టె నుంచి ఒక గిన్నెడు తేనె నా చేతిలో పెట్టు. జన్మలో ఆ పెట్టె మాట ఎత్తను. లేదంటే ఉగాది మర్నాడు మునిరత్నం దాన్ని ఎత్తుకుపోవాల," అన్నారు ఆయన.

"పెడతా. మీరు మాట మార్చకుండా ఉంటే చాలు," అంది ఆమె.

వారం తిరిగేసరికి ఆమె నన్ను పిలిచింది. మేం ఇద్దరం మిద్దె మీద చట్రాలు ఎత్తి చూశాం. తుట్టె అంచున రాణి గదులు వరసగా వేలాడుతున్నాయి, కొన్నిటికి మూతలు కూడా పడ్డాయి.

"కోసెయ్యాలమ్మా," అన్నాను.

"పుట్టబోయే రాణుల్ని కోసేదానికి నాకు చెయ్యి రాదు మునిరత్నం. ఇంకో పెట్టె తెచ్చి సగం ఈగల్ని అందులోకి మారుద్దాం. ఇంకోటి, నాలుగు రోజుల నుంచి నా ఎర్రచుక్క రాణి కనపడలేదు."

"యాడో మూల దాక్కోనుంటాదిలేమ్మా," అన్నాను. గుడ్ల కోసం చూడలేదు. మధ్యాహ్నం శ్రీకాళహస్తిలో నాకు ఇంకో పని ఉంది. ఆమె చెప్పిందే సరైన పద్ధతి, కానీ దానికి ఇంకో పెట్టె కావాలి, ఇంకో రోజు కావాలి. అంత ఓపిక ఎవరికుంది?

"ఎండగా ఉండాది, మజ్జిగ తెస్తా ఉండు," అని ఆమె కిందికి దిగింది.

ఆమె పాదం చివరి మెట్టు మీద పడేలోగా నా కత్తి బయటికి వచ్చింది. ఓ పది గదులు కోసి, కాగితంలో పొట్లం కట్టి జేబులో వేసుకుని, పెట్టెకు మూత పెట్టి, సాంబ్రాణి ఊదుతూ బుద్ధిమంతుడిలా నిలబడ్డాను. ఆమె చేతి మజ్జిగ గటగటా తాగి, "అంతా బాగుందమ్మా" అని చెప్పి బండెక్కాను.

పెంచే మనిషి వద్దన్నాక, ఆమె వెనక ఆమె పెట్టెలో చెయ్యి పెట్టడం దొంగతనం. ఇంకో పేరు లేదు దానికి.

మునగచెట్టు మీది గుంపు

ఎనిమిది రోజుల తర్వాత ఆమె ఫోన్ చేసింది. "మునిరత్నం, గుడ్లు లేవు. పిల్ల పురుగులూ కనపడలేదు."

వెళ్ళి మూత తీశాను. రాణి లేని పెట్టె చప్పుడు వేరుగా ఉంటుంది, మూలుగులాగా. నేను కోసే నాటికే రాణి వెళ్ళిపోయింది. మిగిలిన వారసుల్ని నేను జేబులో వేసుకుపోయి దారిలో పారేశాను. ఇక ఆ పెట్టెలో పుట్టేవాళ్ళు లేరు. ఉన్న ఈగలు ఒక్కొక్కటే రాలిపోతాయి. ఉగాదికి తేనె మాట అటుంచి, పెట్టే మిగలదు. ఆమె ప్రాణంగా చూసుకునే పెట్టెను నా బద్ధకంతో చంపేశాను. మిద్దె మీద నిలబడి ఆమె మొహం చూడలేకపోయాను.

ఒకటే దారి. ఇంకెవరి పెట్టె నుంచైనా గుడ్లున్న చట్రం తెచ్చి పెడితే, ఆ గుడ్లలో ఒకదాన్ని ఈగలు రాణిగా పెంచుకుంటాయి. అదే వీధి చివర రేకు పని చేసే మస్తాన్ ఉన్నాడు. జిల్లాలో సగం మంది వాడే పొగ డబ్బాలు అతను చేసినవే. షాపు వెనక అతనికీ మూడు పెట్టెలున్నాయి. పోయి చూస్తే నాలుగున్నాయి.

"ఇది ఎప్పుడొచ్చింది మస్తాన్?"

"పన్నెండు రోజులైంది సారూ, నా మునగచెట్టు మీద గుంపు దిగి. పెట్టెలోకి పట్టినా."

మూత తీసి ఒక చట్రం ఎత్తాడు. దాని నడుమ రాణి తాపీగా నడుస్తోంది, వీపున శ్రీచూర్ణం చుక్కతో.

"అరే సారూ, సూడు. మా ఇంటికొచ్చిన వైష్ణవురాలు!" అని పడీ పడీ నవ్వాడు మస్తాన్. "టీచరమ్మ పెట్టెదని మొదటి రోజే తెలిసింది."

"మరి చెప్పలేదేం?"

"పోయి అడిగినా. ఆ ఇంట్లో మాది కాదన్నారు. ఇంగేం జేసేది?"

ఎవరన్నారని నేను అడగలేదు. నా గోల నాది. లేచిన గుంపు ఎవరి పెట్టెలో దిగితే వాళ్ళదే అని మా వాళ్ళందరూ ఒప్పుకున్న కట్టుబాటు. కాబట్టి రాణిని అడిగే మొహం నాకు లేదు. గుడ్లున్న చట్రం ఒక్కటి ఇమ్మన్నాను. ఎందుకో కూడా చెప్పాల్సి వచ్చింది.

మస్తాన్ నవ్వడం ఆపేశాడు. "కోసేసినావా? ఆమె వద్దన్నాక? యా అల్లా! సట్రం తీసుకుపో సారూ, నాకేం లెక్కలే. కానీ టీచరమ్మకు నిజం సెప్పెయ్."

"ఉగాది కానీ, చెప్తాలే."

"ముప్పయ్యేళ్ళు ఈగల్లో చెయ్యి పెట్టినావు. ఒక టీచరుకు ఇంత భయపడతావేంది సారూ!"

చట్రం మీది ఈగల్ని దులిపి, తడిగుడ్డలో చుట్టి, ఎండ తగలకుండా సంచిలో పెట్టుకుని అలమేలమ్మ గారింటికి వెళ్ళాను.

"పెట్టెకు బలానికి తెచ్చినానమ్మా, ఆఫీసు నుంచి," అన్నాను.

ఆమె కళ్ళద్దాల మీదుగా చూసింది. "మీ ఆఫీసులో ఈగలుండాయా?"

"ఉండాయమ్మా."

"యాడ?"

"స్టోర్ రూము వెనకాల."

"సరే, పెట్టు," అంది. అంతకంటే ఒక్క ముక్క అడగలేదు. అడిగి ఉంటే అప్పుడే చెప్పేసేవాణ్ణని ఇప్పుడు అనుకుంటా. అబద్ధం. చెప్పేవాణ్ణి కాదు.

ఆ చట్రం మీద ఈగలు వారంలోగా కొత్త రాణి గదులు కట్టాయి. ఈసారి కత్తి ఇంట్లోనే పెట్టి వెళ్ళాను. మాఘం పోయింది, ఫాల్గుణం సగమయ్యింది. నాకు సరిగ్గా అన్నం సయించలేదు. ఒకరోజు చట్రం ఎత్తితే గది అడుగున ఆవగింజ కంటే చిన్నగా, తెల్లగా, నిలువుగా, కొత్త రాణి పెట్టిన గుడ్డు. పక్క గదిలో ఇంకోటి. నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పొగ ఎక్కువైందని టీచరమ్మకు చెప్పాను.

ఇందులో ఒక తమాషా ఉంది. రాణి లేని ఆ నెల రోజులూ మేపడానికి పిల్లలు లేవు కాబట్టి, కానుగపూల నుంచి తెచ్చిందంతా ఈగలు పెట్టె పై అరలో దాచిపెట్టాయి. ఇది నా తెలివి అని మాత్రం అనుకోకండి.

ఉగాది నాటి గిన్నె

ఉగాది నాడు పొద్దున నేను వెళ్ళేసరికి అలమేలమ్మ గారు తడి జుట్టు ముడేసుకుని తయారుగా ఉంది. పెట్టె పై అరలో నాలుగు చట్రాలు మూతలు పడి బరువుగా ఉన్నాయి. తేనె తీసి వడగట్టాం. రెండు సీసాలు నిండాయి, మీద ఒక వెండి గిన్నెడు. ఆ గిన్నె పట్టుకుని ఆమె, సీసాలు పట్టుకుని నేను కిందికి దిగాం. వరదాచారి గారు కుర్చీలో కూర్చుని ఉన్నారు.

"పందెం ఓడిపోయినాను. ఇటివ్వు, రుచి చూస్తా," అని చెయ్యి చాపారు.

ఆమె గిన్నె ఇవ్వలేదు. నా వైపు తిరిగింది. "ఆగండి. మునిరత్నం, ఇది ఎవరి ఈగల తేనె?"

ఆ గొంతు ముందు నేను ఏడో తరగతి పిల్లాణ్ణయిపోయాను. నిజం చెబితే పందెం చెడుతుంది, పెట్టె పోతుంది. చెప్పకపోతే ఆ కళ్ళద్దాలు నన్ను వదలవు. చెప్పేశాను. "నువ్వు వద్దన్నా కోసేసినానమ్మా. గుడ్లు చూడలేదు. రాణి అప్పటికే ఎగిరిపోయింది, మస్తాన్ పెట్టెలో ఉండాది. చట్రం కూడా ఆయన ఇచ్చిందే, ఆఫీసుది కాదు. తప్పు నాది. నీ పెట్టెను చంపినంత పని చేసినాను."

"ఎన్ని కోసినావు?"

"ఓ పది."

"పదకొండు. మజ్జిగకు దిగే ముందు లెక్కపెట్టే పోయినాను. మర్నాడు మూత తీసి చూస్తే ఒక్కటి లేదు."

"మరి అప్పుడే నన్ను నిలదీసి ఉండొచ్చు గదమ్మా!"

"నీ అంతట నువ్వు చెప్తావని చూసినాను. రెండు నెలలు పట్టింది నీకు."

నేను సిగ్గుతో తలొంచుకుని నిలబడి ఉండగా వరదాచారి గారు గొంతు సవరించుకున్నారు. ఆయనకు ఎందుకో కుర్చీ ఇరుకైనట్టుంది.

"అలమేలూ," అన్నారు. "ఆ గుంపు లేచింది నేను చూసినాను."

ఇది ఆమె లెక్కలో లేదు.

"నువ్వు గుడికి పోయినావు ఆ పొద్దు. నేను మిద్దె మీద పంచె ఆరేస్తా ఉన్నాను. హోరుమని లేచిపోయినాయి. సగం పోయినాయి గదా, పందెం నాదేలే అని నోరు మూసుకున్నాను. మస్తాన్ వచ్చి అడిగితే మాది కాదు పొమ్మన్నాను."

నేను, ఆయన ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. ఆ క్షణంలో మాకు మేం తోడుదొంగల్లా కనిపించాం.

"బాగుండాది," అంది ఆమె చివరికి. "చూసినాయన చెప్పలేదు. చెప్పాల్సినాయన చూడలేదు. ఇద్దరూ కలిసి నా పెట్టెతో ఆడుకున్నారు."

కోపం వచ్చిందని చెప్పక్కర్లేదు. ఆ గిన్నె ఎత్తి, మా ఇద్దరి కళ్ళ ముందే, తేనె మొత్తం తనే తాగేసింది. మూతి కొంగుతో తుడుచుకుంది.

"పెట్టె ఈడే ఉంటాది. ఒక సీసా నాది. ఒక సీసా మస్తాన్‌ది. మీరే తీసుకుపోయి ఆయన చేతికిచ్చి, మాది కాదన్న మాట తప్పని చెప్పి రండి. మీ ఇద్దరికీ చుక్క లేదు, పొండి."

వరదాచారి గారు చెప్పులేసుకుని, సీసా ఒళ్ళో పసిబిడ్డలా పట్టుకుని వీధిలోకి దిగారు. నేను ఒట్టి చేతులతో బండెక్కాను.

ఆ తేనె రుచి ఎట్లా ఉందో నాకు ఈ రోజుకీ తెలీదు. వరదాచారి గారికి తెలుసు. సీసా తన దగ్గరికి చేరేసరికి నాలుగు వేళ్ళ మేర తక్కువగా ఉండిందనీ, సామి గారి మీసం జిగటగా ఉండిందనీ మస్తాన్ నాకు చెప్పాడు.